పదిహేడో దెబ్బ

పెదవులు కదలకుండా లెక్క పెట్టడం ఏమంత బ్రహ్మవిద్య అనుకునేవాళ్లు ఒక్కసారి అద్దం ముందు నిలబడి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ, ఆ నవ్వు చెదరకుండా ఒకటి నుంచి ఎనిమిది దాకా గట్టిగా అని చూడాలి. మూడు దగ్గరే మూతి మూసుకుపోతుంది. అందుకే లెక్కలక్క మూడుని ‘ఊడు’ అనేది, ఎనిమిదిని ‘ఎన్ది’ అనేది. వరసలో ఉన్న ఆడపిల్లలందరికీ ఆ భాష కొట్టినపిండి. సినిమా పాటల్లో కథానాయిక వెనక వరసకట్టి ఆడేవాళ్లకు స్పీకరులోంచి వచ్చే పాట గోడలకు తగిలి తగిలి సగం గోలగా మారి చేరుతుంది. కెమెరాకు కళ్లే గాని చెవులుండవు. కాబట్టి పదకొండు మంది వరసకు నడిమధ్యన ఒకామె నవ్వుతూనే బిగ్గరగా లెక్క చెబుతుంది. అటు అయిదుగురూ ఇటు అయిదుగురూ ఆ లెక్క పట్టుకుని అడుగేస్తారు. పద్నాలుగేళ్లుగా ఆ ఒకామె లెక్కలక్కే. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు, ఆమె కూడా దాన్ని పెద్దగా వాడుకోలేదు.

ఆ సోమవారం తీస్తున్నది మెట్ల పాట చివరి ముక్క. సినిమా తీయడం మొదలైందే ఆ పాటతో. నడుస్తున్న పాట అక్కడ టక్కున ఆగిపోతుంది. పదహారు దెబ్బల సేపు వాద్యం ఉండదు, గొంతు ఉండదు, మడమకు రేకు కొట్టిన బూట్ల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఒక దెబ్బకు కాలు గాల్లోకి లేవాలి, మరు దెబ్బకు కింది మెట్టు మీద పడాలి. అలా ఎనిమిది మెట్లు దిగి నేల మీద నిలబడి చేతులు పైకి విసరగానే పాట మళ్లీ ఢామ్మని అందుకుంటుంది. ఆ అందుకునే ముక్క వేరే రికార్డు మీద ఉంది. డాన్సు మాస్టారు చెయ్యి దించగానే సౌండు కుర్రవాళ్లెవరో సూది పెడతారు.

ఆరుసార్లు తీశారు. ఒకసారి పెద్ద దీపం పేలింది, ఒకసారి ఎవరి లంగా అంచో మడమకు చిక్కుకుంది, ఒకసారి కెమెరాలో ఏదో ఇరుక్కుంది. తక్కినవి ఎందుకు పోయాయో ఎవరికీ గుర్తు లేదు. నాలుగింటికి దీపాలన్నీ పక్క ఫ్లోరుకు వెళ్లిపోతాయి. ఏడోసారికి నాలుగు కావస్తోంది.

వరసకు ముందు కథానాయికగా నిలబడింది పిచ్చుక. మొన్నమొన్నటి దాకా వరసలో లెక్కలక్కకు ఎడమ పక్కన ఆడిన పిల్లే. డాన్సు మాస్టారికి ఆ పిల్ల కాళ్లలో ఏం కనబడిందో గాని ఏకంగా ముందుకు తెచ్చి నిలబెట్టారు. సినిమా తీస్తున్న పెద్దాయనకు అది సుతరామూ ఇష్టం లేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఎప్పుడు తప్పుతుందా అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

పాట ఆగింది. లెక్కలక్క లెక్క అందుకుంది. మొదటి ఎనిమిది వెన్నలో కత్తిలా దిగింది. రెండో ఎనిమిదిలో ఆరు దాకా బాగానే ఉంది. ఏడు అనేసరికి ఎడమ కాలు గాల్లోకి లేచి, బరువంతా కుడి మోకాలి మీద పడింది. రెండు నెలలుగా ఆ మోకాలు ఆమెతో మాటామాటా పెంచుకుంటూనే ఉంది. ఇప్పుడు సమయం చూసి వణికింది. కాలు దించితే పడిపోతానేమో అనిపించి, మోకాలి కోసం నాలుక ఆగింది.

“ఏడు,” అంది మళ్లీ. ఆ తర్వాత, “ఎన్ది.”

పదకొండు కాళ్లు ఒక్క దెబ్బ సేపు ఎక్కువగా గాల్లో నిలిచి, పదకొండూ కలిసి నేల మీద పడ్డాయి. పిచ్చుక అప్పటికే చేతులు పైకి విసిరి నిలబడి ఉంది. మాస్టారు వరసను చూసి చెయ్యి దించారు, సూది పడింది, పాట ఢామ్మంది. వరస పాటతో కలిసింది. పిచ్చుక ఒక్కతే ముందుగా వచ్చి నిలబడిన చుట్టంలా మిగిలిపోయింది.

“కట్!”

మాస్టారు మెట్ల దగ్గరికి విసవిసా వచ్చారు. “పదకొండు మంది ఒక్క కాలై దిగుతుంటే నీకేం తొందరొచ్చిందమ్మా? రైలు పోతోందా? చివరి దెబ్బ దాకా చక్కగా వచ్చి, అక్కడ గంగలో కలిపావు!”

పిచ్చుక ఒక్కసారి వెనక్కి తిరిగి లెక్కలక్క వంక చూసింది. ఆ చూపు కోపంగా లేదు, అడుగుతున్నట్టు కూడా లేదు. తర్వాత తల దించుకుని, “తప్పయిపోయింది మాస్టారూ,” అంది.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచి ఒక్క మాట, తప్పు నాది అని. లెక్కలక్కకు ఆ సంగతి తెలుసు. నోరు తెరిచే ఉంది కూడా, ఎందుకంటే ఆడేటప్పటి నవ్వు ఇంకా మొహాన అలాగే అతుక్కుని ఉంది, తీసేయడం మరిచిపోయింది. ఆ నవ్వుతోనే నిలబడి పిల్ల తిట్లు తినడం చూసింది. పెద్దాయన కుర్చీలోంచి లేచి, “వరసలోంచి వచ్చింది వరసలోకే పోతుంది. నేను ముందే చెప్పాను,” అని వెళ్లిపోయాడు. దీపాలవాళ్లు తీగలు చుట్టుకోవడం మొదలుపెట్టారు.

వరసలో చేరిన ప్రతి పిల్లకూ మొదటి రోజే లెక్కలక్క చెప్పే మాట ఒకటుంది: “ఒక్కతి తప్పితే తప్పు, అందరూ తప్పితే స్టెప్పు.” పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వినా, అది వరసకు ప్రాణం. లెక్క తప్పుగా వినబడినా సరే, ఆగకూడదు, ఆలోచించకూడదు, లెక్కతోనే పోవాలి. పిచ్చుకకు కూడా ఆ మాట చెప్పింది ఆమే.

ఇంటికి వచ్చాక లెక్కలక్క తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. కిటికీ తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. భర్త లారీ మీద పోయి వారమైంది, ఇంకో వారానికి గాని రాడు. ఇంట్లో ఉన్నది ఆమె, అత్తగారు. అత్తగారు మంచం మీద కూర్చుని కోడలి మోకాలి కోసం గుడ్డ పీలికలు చింపుతూ చాలాసేపు చూసింది.

“కాలు కాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? కూర్చో, కాపడం పెడతాను.”

“కూర్చుంటే ఇంకా నొప్పిగా ఉంటుందత్తయ్యా.”

“నొప్పి మోకాలికా, ఇంకెక్కడైనానా?”

లెక్కలక్క కూర్చుంది. వేడి గుడ్డ కింద మోకాలు సర్దుకుంటున్నా, ఎడమ పాదం మాత్రం తనంతట తాను నేల మీద టక్ టక్‌మని కొట్టుకుంటూనే ఉంది. ఏడు దగ్గరికి వచ్చి ఆగడం, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం. మాస్టారు ఆమెకు ఒక మాట ఇచ్చి ఉన్నారు. ఈ పాట అయిపోతే ఆమె ఇక వరసలో ఆడక్కర్లేదు, ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని పిల్లలకు స్టెప్పులు నేర్పొచ్చు. మోకాలు అరిగిపోయిన వరస పిల్లకు అలాంటి కుర్చీ దొరకడం ఆమె ఎరిగినంతలో లేదు. మిగతావాళ్లంతా ఏదో ఒక రోజు పిలుపు రాక ఇంట్లో ఉండిపోయినవాళ్లే. కుర్చీ ఇచ్చేది ఆమె మోకాలు చూసి కాదు, లెక్క చూసి. ఆ లెక్కే తప్పిందని తన నోటితో చెప్పుకుంటే ఇక మిగిలేది మోకాలే.

మర్నాడు రిహార్సల్ హాల్లో కొత్త కబురు సిద్ధంగా ఉంది. తెచ్చింది మిరపకాయ. వరసలో కుడి చివర ఆడే పిల్ల, దాని నోటికి భయపడే ఆ పేరు పెట్టారు.

“శుక్రవారం ఇంకో అమ్మాయి వస్తుందట. పెద్దాయన ఎప్పుడో చూసి పెట్టుకున్నాడు. ఎప్పుడు తప్పుతుందా, ఎప్పుడు తీసేద్దామా అని చూస్తున్నవాడికి ఇది అడక్కుండానే అందివచ్చింది!” అంది జడ బిగించుకుంటూ. “పాపం పిచ్చుక. కానీ ఏం చూసుకుని అంత తొందరపడిందో!”

“అందరం సరిగ్గానే దిగామా?” అంది లెక్కలక్క, అద్దంలోకి చూస్తూ.

“అదేం ప్రశ్నక్కా? నువ్వు లెక్క చెప్పావు, మేం దిగాం.”

మిరపకాయ అబద్ధం ఆడటం లేదు. వరసలో ఉన్నవాళ్లు లెక్క వినరు, లెక్క మీద నడుస్తారు. వంతెన మీద నడిచేవాడు వంతెనను చూడనట్టే. ఏడు రెండుసార్లు వచ్చిందని ఆ పదిమందిలో ఒక్కరికీ తెలియదు. ఆ సంగతి తెలుసుకున్నాక లెక్కలక్కకు ముందు ఊపిరి తేలికపడింది, వెంటనే ఆ తేలికపడినందుకు సిగ్గేసింది. ఆ పూట ఆమె రెండుసార్లు బూటు తాడు విప్పి కట్టుకుంది, మూడుసార్లు నీళ్ల కుండ దగ్గరికి వెళ్లి తాగకుండానే వచ్చింది.

సాయంత్రం హాలు నుంచి ఇంటికి పోలేక, పిచ్చుక ఉండే గదికి వెళ్లింది. మూడో అంతస్తు. మెట్టుమెట్టుకూ మోకాలు సణుగుతూనే ఉంది. తలుపు తీసే ఉంది. పిచ్చుక నేల మీద కూర్చుని, ఒళ్లో బూటు బోర్లించి, రేకు మరలు ఒక్కొక్కటే బిగించుకుంటోంది. తీసేస్తారని తెలిసిన పిల్ల బూట్లు సరిచేసుకోవడం చూసి లెక్కలక్క గడపలోనే ఆగిపోయింది.

“రా అక్కా. ఆ పెట్టె మీద కూర్చో, కుర్చీ కాలు విరిగింది.”

లెక్కలక్క కూర్చోలేదు. “నేను ఏడు రెండుసార్లు అన్నాను,” అంది.

పిచ్చుక మర తిప్పడం ఆపలేదు. “విన్నాను.”

“మరి చెప్పలేదేం?”

“ఎవరికి చెప్పను? నిన్న గాక మొన్న ముందుకొచ్చింది, అప్పుడే లెక్కలక్కకే లెక్కలు చెబుతోంది అనరూ?” బూటు పక్కన పెట్టి రెండోది అందుకుంది. “అయినా తప్పు నాదేనక్కా. నీతో ఆగిపోవాల్సింది. రెండేళ్లు నీ పక్కన నిలబడి నేర్చుకుంది అదేగా. కాలు గాల్లో ఉండగా ఆగనా, దిగనా అని ఒక్క రవ్వ ఆలోచించాను చూడు, అక్కడే చెడింది. నీ లెక్క ఆగమంది, నాకు లోపల దెబ్బ దిగమంది. ముందు నిలబెట్టారు కదా, తాళం నాదే అనుకుని దిగిపోయాను. కళ్లు నెత్తికెక్కాయి.”

“అది కళ్లు నెత్తికెక్కడం కాదే పిచ్చిదానా. నువ్వు దిగింది సరైన దెబ్బకి.”

“సరైన దెబ్బకి నేనొక్కదాన్నే దిగితే ఎవరికి కావాలి?” పిల్ల నవ్వింది, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. “నువ్వేం చెప్పకక్కా. నీకు ఆ కుర్చీ రావాలి. నాకు ఇరవై ఏళ్లు, ఇంకో సినిమా వస్తుంది. నీకైతే...”

ఆ మాట పూర్తి చేయలేదు. చేయకపోవడమే ఎక్కువ తగిలింది. చిన్నపిల్ల పెద్దదాని మీద జాలిపడుతోంది, తన పొట్ట కొట్టినదాని మీద జాలిపడుతోంది! లెక్కలక్కకు ఆ గదిలో గాలి చాలలేదు. “బూటుకు నూనె రాయి, తుప్పు పడుతోంది,” అని మాత్రం అని మెట్లు దిగిపోయింది.

బుధవారం పొద్దున్నే మాస్టారి ఇంటికి వెళ్లింది. ఎందుకు వెళుతున్నావని కాళ్లు అడక్కముందే చేరాలన్నట్టు పరుగులాంటి నడక. అక్కడ పెద్దాయన కూడా ఉన్నాడు, ఇద్దరూ కొత్త అమ్మాయి ఫొటోలు బల్ల మీద పరుచుకుని టీ తాగుతున్నారు. ఇదీ మంచిదే, ఒక్కసారే తెగిపోతుంది అనుకుంది లెక్కలక్క. నిలబడే చెప్పేసింది.

“సోమవారం తప్పింది పిచ్చుక కాదు మాస్టారూ. నేను. ఏడు రెండుసార్లు అన్నాను. పిల్లలు నాతో ఆగారు. అది ఆగలేదు.”

మాస్టారు కప్పు కింద పెట్టారు. ఆమెను ఎగాదిగా చూశారు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వారు.

“గురుభక్తి గురించి విన్నాను గానీ శిష్యభక్తి ఇప్పుడే చూస్తున్నాను! పద్నాలుగేళ్లలో నువ్వు లెక్క తప్పడం చూసినవాడు ఎవడన్నా ఉంటే తీసుకురా, వాడికి దండ వేస్తాను.”

“నిజం చెబుతున్నాను. మోకాలు వణికింది...”

“నీ మోకాలికి ఏమైనా అయితే నువ్వు పడిపోయేదానివి. పడలేదుగా? నేను చూశాను. పదకొండు కాళ్లు ఒక్కసారి పడ్డాయి. పదకొండు మంది తప్పి ఒక్కతి ఒప్పు కావడం ఎక్కడన్నా ఉందా?”

పెద్దాయన ఫొటోల మీంచి తలెత్తాడు. సోమవారం నుంచీ ఆయన మొహాన నవ్వు కనబడటం అదే మొదలు. “చూశారా మాస్టారూ, తన పక్కన ఆడిన పిల్ల కోసం నిందంతా నెత్తినేసుకుంటోంది. ఇలాంటి మనసున్నవాళ్లే మనక్కావాలి. ఆ కుర్చీ సంగతి మీరేదో నాన్చుతున్నారు. ఇక నాన్చకండి, ఈవిడకే ఇచ్చేయండి.”

“ఇచ్చినట్టే,” అన్నారు మాస్టారు.

రోడ్డు మీదికి వచ్చాక గాని లెక్కలక్కకు జరిగింది ఒంటపట్టలేదు. కుర్చీ పోగొట్టుకుందామని వెళ్లి కుర్చీ ఖాయం చేసుకుని వచ్చింది. నిజం చెబితే మంచితనం కింద జమ కట్టారు. ఇంకేం చేయాలి? చెప్పాల్సింది చెప్పింది, నమ్మకపోతే తన తప్పా? ఈ మాట వీధి చివరి దాకా బాగానే నిలబడింది. మందుల దుకాణం దగ్గర కాస్త ఒరిగింది. ఇల్లు చేరేసరికి కూలబడింది.

అత్తగారికి మొత్తం చెప్పింది. చెబుతూ గదిలో అటూ ఇటూ తిరిగింది. అత్తగారు మధ్యలో అడ్డు రాకుండా విని, “తప్పావా?” అంది.

“తప్పానత్తయ్యా.”

“తప్పే ఉంటావు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేదానివి, మెట్ల మీద ఏడు రెండుసార్లు అనలేవా?”

చెవులారా విన్న పిచ్చుక కాక, మూడు రోజుల్లో తన మాట నమ్మిన మొదటి మనిషి ఈమే. లెక్కలక్కకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

“నమ్మడం లేదత్తయ్యా వాళ్లు.”

“ఎలా నమ్ముతారు? పద్నాలుగేళ్లు నీ నోటినే నమ్మించావు. ఇప్పుడు ఆ నోరే వచ్చి నన్ను నమ్మొద్దంటే ఏ బుద్ధున్నవాడు నమ్ముతాడు? నోటితో కాదే. కాళ్లతో చెప్పుకోవాలి నువ్వు.” అత్తగారు కాపడం గుడ్డ పిండుతూ అంది. “అది చెప్పాక కుర్చీ ఉండదు. అదీ తెలుసుకునే వెళ్లు. తర్వాత నా మీద పడి ఏడవకు.”

గురువారం సౌండు గదిలో పని పడింది. వేరే సినిమా పాటకు అడుగుల చప్పుడు పట్టాలి. ఆ గదిలో తెర ముందు ఒక చెక్క పలక, ఒక బండ, ఇసుక పోసిన ఒక తొట్టి ఉంటాయి. తెర మీద ఆడేవాళ్ల కాళ్లు చూస్తూ లెక్కలక్క ఇక్కడ ఆడాలి, మైకు ఆ చప్పుడు పట్టుకుంటుంది. సౌండు పెద్దమనిషి లావుపాటి కళ్లద్దాలాయన. ఇన్నేళ్ల పనిలో ఎవరి మొహమూ గుర్తుపెట్టుకోడు, కాళ్లు చూసి ఫలానా అని చెప్పేస్తాడు. వీధిలో కనిపిస్తే మాత్రం పలకరించడు.

పని అయిపోయాక అందరూ టీకి లేచారు. మాస్టారు తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నారు. లెక్కలక్క పలక మీదే నిలబడి ఉంది.

“సోమవారం మెట్ల రీలు వచ్చిందా సార్?”

“వచ్చింది. పనికిరాదన్నారుగా, ఎవరూ అడగలేదు.”

“ఒక్కసారి వేయండి. పాట అక్కర్లేదు. చివరి ముక్కకు మీ టిక్కులు పెట్టండి చాలు.”

టిక్కులంటే పాట రికార్డు చేసిన రోజే దాని తాళానికి కొలిచి పట్టి ఉంచిన చప్పుడు. పాట ఆగిపోయిన చోట కూడా అది ఆగదు. ఎవరి నోటినీ నమ్మదు, ఎవరి మోకాలి కోసమూ నిలవదు. ఆయన ఎందుకని అడగలేదు. దీపం ఆర్పాడు. తెర మీద మెట్లు వెలిగాయి.

“మాస్టారూ,” అంది లెక్కలక్క. “ఒక్క నిమిషం వినిపోండి.”

ముందు ఆమె వరస కాళ్లకు ఆడింది. టిక్కుకు కాలు లేపడం, టిక్కుకు దించడం. మొదటి ఎనిమిదీ అడుగూ టిక్కూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండో ఎనిమిదిలో ఏడు దగ్గర తెర మీద పదకొండు కాళ్లు గాల్లో ఆగాయి. ఆమె కూడా ఆగింది. పదహారో టిక్కు ఖాళీగా వినబడింది, దాని కింద ఏ కాలూ లేదు. పదిహేడో దానికి ఆమె మడమ పలక మీద పడి టప్పుమంది.

సౌండు పెద్దమనిషి అడక్కుండానే రీలు వెనక్కి తిప్పాడు.

ఈసారి పిచ్చుక కాళ్లకు ఆడింది. ఆ పిల్ల అడుగు ఎంత తేలికో అంత ఖచ్చితం, మడమ దించేటప్పుడు చిన్న విరుపు, అది లెక్కలక్క నేర్పింది కాదు. ఆ విరుపుతో సహా ఆడుతూ వచ్చింది. ఏడుకు కాలు లేచింది, మోకాలు ఎప్పటిలాగే వణికింది, ఆగలేదు, దించింది. పదహారో టిక్కూ మడమా కలిసి ఒక్క చప్పుడైపోయాయి. తెర మీద చేతులు పైకి విసిరి నిలబడిన పిల్ల, దాని వెనక ఇంకా గాల్లోనే ఉన్న పదకొండు కాళ్లు.

“పదహారు,” అన్నాడు సౌండు పెద్దమనిషి తన సామాను సర్దుకుంటూ. “ముందున్న కాళ్లు పదహారు. వెనకవి పదిహేడు. ఇందాకటి నుంచీ ఇదే కదా వినిపిస్తోంది, ఇందులో అనుమానమేముంది?”

దీపం వెలిగింది. మాస్టారు తలుపు వదిలి వచ్చి పలక అంచున కూర్చున్నారు. ఆయన మొహంలో కోపం ఉంటే లెక్కలక్క ఓర్చుకునేది. కోపం లేదు.

“నిన్న నువ్వు చెప్పింది నిజమే అన్నమాట.”

“నిజమే మాస్టారూ.”

“ఆ పిల్లని అంతమందిలో తిట్టాను. పెద్దాయనకు నేను చెబుతాను. ఈ రీలు చూపిస్తాను. ఎంత మొండివాడైనా టిక్కులతో వాదించలేడు. రేపు పిచ్చుకతోనే మళ్లీ తీద్దాం.” లేచారు, మళ్లీ ఆగారు. “లెక్కలక్కా, నీ లెక్క వినబడుతుంటే నేను వరస వంక చూసేవాణ్ణే కాదు. అంత ధైర్యం. ఇక ఆ ధైర్యం రాదమ్మా. అబద్ధం చెప్పలేను.”

“తెలుసు మాస్టారూ.”

“రేపు లెక్క మిరపకాయ చెబుతుంది. కుర్చీ సంగతి...”

“తెలుసు,” అంది మళ్లీ, ఆయన ఆ మాట పూర్తి చేయక్కర్లేకుండా. బూట్లు విప్పడానికి వంగింది. తాడు ముడి ఎంతకీ రాలేదు. బాధగానే ఉంది, చాలా బాధగా ఉంది. పద్నాలుగేళ్లు కట్టుకున్నది రెండు నిమిషాల్లో తన కాళ్లతోనే తొక్కేసుకుంది. కానీ సోమవారం నుంచీ నేలను కొడుతూనే ఉన్న ఎడమ పాదం ఆగిపోయిందని ఇంటికి వెళ్లే దారిలో గమనించింది.

శుక్రవారం పొద్దున మళ్లీ అవే మెట్లు, అవే దీపాలు. పెద్దాయన రాలేదు, తలనొప్పి అని కబురు పంపాడు. పిచ్చుక తన చోట నిలబడింది. వెళ్లేటప్పుడు లెక్కలక్క మోచెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. వరస మధ్యలో మిరపకాయ నిలబడి, పెదవులు కదలకుండా మూడు అనడానికి నానా తంటాలు పడుతోంది. లెక్కలక్కకు కుడి చివర చోటు దొరికింది. పిల్లల్లో కొందరు ఆమె వంక చూడలేదు, కొందరు మరీ ఎక్కువగా చూశారు. తప్పిందన్న కోపమో, తప్పానని చెప్పుకుందన్న కోపమో వాళ్లకే తెలియదు.

మాస్టారు చెయ్యి ఎత్తారు. పాట మొదలైంది.

అలవాటు కొద్దీ లెక్కలక్క నాలుక పళ్ల వెనక కదిలింది. ఒకటి, రెండు. ఆపింది. లెక్క ఇప్పుడు ఎవరిదో, తనది కాదు. ఆపేసరికి చెవులు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి, ఆ ఖాళీలోకి పాట వచ్చింది. పద్నాలుగేళ్లలో ఎన్ని పాటలకు ఆడిందో ఆమెకే తెలియదు, ఒక్కదానిలోనూ మాటలు విన్న గుర్తు లేదు. అంకెలే విన్నది. ఈ పాటలో ఎవరో ఒకామె వానలో గుమ్మం బయట ఆగిపోయిన చెలికత్తెను లోపలికి పిలుస్తోంది. నేల తడిసిపోతుందని నిలబడకు, తడిస్తే తుడుచుకుందాం, ముందు రా అంటోంది. ఇంత మంచి మాటలా ఇవి? నెల రోజులుగా రోజుకు పాతికసార్లు ఈ పాటకే కదా ఆడింది! తర్వాత ఏమంటుందో, ఆ బయట నిలబడినామె వచ్చిందో లేదో విందామని ఆమె మనసంతా చెవుల్లోకి వెళ్లిపోయింది. మెట్ల దగ్గర పాట టక్కున ఆగినా మనసు అక్కడే ఉండిపోయింది. మూడో మెట్టు మీద పది కాళ్లు పడ్డాయి. పదకొండోది ఇంకా గాల్లో ఉంది.

“కట్! ఎవరది?”

వరస బిగుసుకుపోయింది. లెక్క తనే తప్పానేమోనని మిరపకాయ మొహం పాలిపోయింది. నోరు తెరవబోయింది.

“నేనే మాస్టారూ,” అంది లెక్కలక్క చెయ్యి ఎత్తి. “పాట వింటూ ఉండిపోయాను.”

ఈసారి అందరూ నమ్మారు. మాస్టారు ఆమె వంక ఒక్క క్షణం చూసి, సూది మళ్లీ మొదట్లో పెట్టమని చెయ్యి ఊపారు. పన్నెండు మందీ వెనక్కి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టారు.